పాట లేనప్పుడు పోయిన సెట్టు

యాంప్లిఫయర్ పాడుతున్నప్పుడు అందరూ వింటారు. పాడనప్పుడు దాని లోపల ఏం జరుగుతోందో చూసుకోవడం నా ఉద్యోగం. డెబ్బైల చివరి నుంచి తొంభైల దాకా ఖమ్మంలో మైక్ సెట్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో పనిచేశాను. మా సెట్లు పెళ్ళిళ్ళకు, జాతరలకు, మీటింగులకు కిరాయికి తిరిగేవి. ఇటు బోనకల్, మధిర వైపు, అటు సత్తుపల్లి దాకా, పైన భద్రాచలం దాటి అడవి అంచు ఊళ్ళ దాకా పోయేవి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు నన్ను కలిసి ఏ పుస్తకం చదవాలని అడుగుతారు. మంచి పుస్తకాలు చాలా ఉన్నాయి. నేను చదివినవాటిలో తప్పేమీ లేదు. చదివినదాన్ని పక్కన పెట్టిన చోటే నేను తప్పులు చేశాను. వాటిలో పెద్దదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఊరికే ఉండటానికి కావలసిన కరెంటు

బయాసింగ్ అనే మాటకు భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. విషయం చిన్నదే. అడవి చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీని చూడండి. డ్రైవరు ఇంజన్ ఆపడు, నెమ్మదిగా తిరగనిస్తాడు. గేటు లేవగానే కదలాలి కదా. ట్రాన్సిస్టర్ కూడా అంతే. సిగ్నల్ రాకముందే అందులో కొంత కరెంటు పారుతూ ఉండాలి. ఆ కరెంటు ఎంత ఉండాలో ముందే కుదిర్చి పెట్టడమే బయాసింగ్.

తక్కువ పెడితే చిన్న శబ్దాలు చిరిగిపోతాయి, గొంతులో గరగర వస్తుంది. ఎక్కువ పెడితే ఏ పనీ చేయకుండానే వేడెక్కుతుంది. ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ట్రాన్సిస్టర్ వేడెక్కిన కొద్దీ, అదే వోల్టేజి దగ్గర ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగితే ఇంకా వేడెక్కుతుంది. ఎవరూ ఆపకపోతే అది తనను తానే కాల్చుకుంటుంది. అందుకే పవర్ ట్రాన్సిస్టర్లను బిగించే అల్యూమినియం పలక మీదే, వాటి పక్కనే, ఒక చిన్న డయోడ్‌ను అంటించి పెడతారు. ఆ పలకనే హీట్ సింక్ అంటాం. పలక వేడెక్కితే డయోడ్ కూడా వేడెక్కి, బయాస్ వోల్టేజిని తనంతట తాను తగ్గిస్తుంది. డయోడ్ ఆ వేడిని తాకుతూ ఉండాలి. దాని ఉపయోగమంతా అందులోనే ఉంది.

ఖాదర్ సాబ్ తిట్టింది

కార్ఖానాకు ముందు నేను ఖమ్మంలో ఖాదర్ సాబ్ రేడియో షాపులో చేశాను. ఆయన నా మొదటి బాస్. పాలిటెక్నిక్ డిప్లొమా చేతిలో ఉందని నాకు కొంచెం పొగరు. మైక్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీయాంప్లిఫయర్ ఒకటి కట్టమన్నారు. బయాస్ కోసం ట్రాన్సిస్టర్ మూడు కాళ్ళలో సిగ్నల్ అందుకునే బేస్‌కు ఒకే ఒక రెసిస్టర్ ఇచ్చాను. పుస్తకంలో మొదటి పేజీలో ఉండే పద్ధతి అది. విలువలు మార్చి మార్చి చూసి, గొంతు శుభ్రంగా వచ్చేలా కుదిర్చాను. ఆయన విని తలూపారు.

కొంతకాలానికి ఆ ట్రాన్సిస్టర్ పోయింది. బోనకల్‌లో ఎవరో అదే నంబరుది ఇంకొకటి వేశారు. మైక్‌లో గొంతు బొంగురుపోయింది. సెట్టు మా దగ్గరికి వచ్చింది. వాళ్ళు నాసిరకం మాల్ వేశారని నేను అన్నాను.

"నాసిరకం వాళ్ళ మాల్ కాదు, నీ అకల్, నీ తెలివి" అన్నారు ఖాదర్ సాబ్. డబ్బాలోంచి గుప్పెడు ట్రాన్సిస్టర్లు తీసి బల్ల మీద పోశారు. "అన్నిటి మీద ఒకటే నంబర్ ఉంది. ఒక్కొక్కటి కొలిచి చూడు, ఏ ఒక్కటైనా ఇంకోదాని లెక్క ఉంటదా? నువ్వు ఒక్కదానికి కొలతలు తీసి అంగీ కుట్టినవ్. ఎవడొచ్చి తొడుక్కున్నా సరిపోయేటట్టు కుట్టాలె."

రెండు రెసిస్టర్లతో బేస్ వోల్టేజిని గట్టిగా నిలబెట్టి, కరెంటు బయటికి పోయే కాలు ఎమిటర్‌లో ఒక రెసిస్టర్ పెట్టమన్నారు. కరెంటు పెరిగితే ఎమిటర్ వోల్టేజి పెరిగి తనే వెనక్కి తగ్గుతుంది. అప్పుడు ట్రాన్సిస్టర్ గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి, ఎక్కువైనా తక్కువైనా పని నడుస్తుంది. ఆ వేళ నేర్చుకున్నది నా చేతులకు బాగా పట్టింది, చెవులకు పట్టలేదు. తప్పు జరిగితే ముందు ఎదుటివాడి వైపు చూసే అలవాటు నాలో అలాగే ఉండిపోయింది.

డయోడ్ చోటు మార్చాను

కార్ఖానా యజమాని కోటేశ్వరరావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి తల్లాడ దగ్గర పొలం కొని, తర్వాత వ్యాపారంలోకి దిగినవారు. మనిషి మంచివాడే. విజయవాడ నుంచి వచ్చే సెట్లతో పోటీ పడాలని ఆయన పట్టుదల. డిజైన్ అంతా నాకు వదిలేశారు.

మా మొదటి సెట్లలో డయోడ్ హీట్ సింక్ మీదే ఉండేది. దాని నుంచి రెండు సన్నటి వైర్లు బోర్డుకు వచ్చేవి. భద్రాచలం దాటాక రోడ్లు ఎలా ఉండేవో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎడ్లబండ్లలో, ట్రాక్టర్లలో పోయి వచ్చేసరికి ఆ వైర్ల అతుకులు ఊడిపోయేవి. సెట్లు తిరిగి వస్తున్నాయని కోటేశ్వరరావు గారు గొడవ చేస్తుంటే, నేను డయోడ్‌ను తీసి బోర్డు మీదే టంకం పెట్టేశాను. వైర్లూ లేవు, ఊడటాలూ లేవు. బిగింపు పని కూడా తేలికైంది. ఆయన నా భుజం తట్టారు.

డయోడ్ అక్కడ ఎందుకు ఉండాలో నాకు తెలియక కాదు. కార్ఖానాలో ఫ్యాన్ కింద, మూత తెరిచి, పొద్దున పూట పరీక్షిస్తే అంతా బాగానే ఉంది. నాకు అది చాలనిపించింది.

ఇంకొకటి కూడా చేశాను. బయాస్‌ను కుదిర్చే ప్రీసెట్ అని ఒకటి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పేది. గరగర పోయేదాకా తిప్పి ఆపాలి. నేను ఇంకొంచెం తిప్పేవాణ్ణి. వాల్యూమ్ సన్నగా పెట్టినా పాట తియ్యగా వినిపించేది. "భాస్కర్ సార్ సెట్టు గొంతు వేరే" అని ఆపరేటర్లు అనేవాళ్ళు. ఆ మాట కోసం తిప్పేవాణ్ణి. డయోడ్ మార్చడానికి కారణమైనా ఉంది. దీనికి నా గొప్ప తప్ప వేరే కారణం లేదు.

మస్తాన్

మా వైపు మైక్ సెట్ల వాళ్ళకు ఒక పట్టింపు ఉండేది. పెళ్ళింట్లో సెట్టు ఒకసారి ఆన్ చేస్తే, పిల్లను సాగనంపేదాకా ఆపరు. పాట ఉన్నా లేకపోయినా ముందున్న ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి. పందిట్లో దీపం ఎంతో అది కూడా అంతే. నాకు ఈ సంగతి తెలుసు. దాన్ని వాళ్ళ సెంటిమెంటుగా చూశానే గానీ, నా సెట్టు ఎండాకాలంలో మధ్యాహ్నమంతా ఊరికే వెలుగుతూ కూర్చోవాలన్న షరతుగా చూడలేదు.

మస్తాన్‌ది చర్ల. మా సెట్టు ఒకటి కొని ఆ చుట్టుపక్కల ఊళ్ళకు కిరాయికి తిప్పేవాడు. ఒక వేసవిలో దాన్ని భుజాన వేసుకుని కార్ఖానాకు వచ్చాడు. అంగీ జేబు చిరిగి వేలాడుతోంది. మా ముందు బెంచీ మీద ఎప్పటిలాగే నలుగురైదుగురు ఆపరేటర్లు టీ తాగుతూ కూర్చుని ఉన్నారు.

"మా పక్కూరి ముత్తయ్య బిడ్డ పెండ్లిల పోయింది సార్" అన్నాడు. "లైటు ఆరంగనే పిల్లగాని తరపోళ్ళు లేచిన్రు. నన్ను పట్టుకుని గుంజిన్రు. ఫ్యూజు మార్చినా, మల్ల కొట్టేసింది."

మూత తీసి చూశాను. పవర్ ట్రాన్సిస్టర్లు రెండూ షార్ట్ అయి ఉన్నాయి.

"స్పీకర్ హార్న్లు ఎన్ని కట్టావు?"

"రెండే సార్."

"పోయినసారి జాతరలో నాలుగు కట్టావు కదా?"

"అప్పుడు కట్టిన, అవ్. తప్పే. ఈసారి రెండే. అల్లా కసం. అయినా అప్పుడు పాటనే లేదు సార్. తాళి గట్టినంక రికార్డు ఆపినం. బువ్వలు పెడుతున్నరు. సెట్టు ఉత్తగ ఉన్నది. ఉత్తగ ఉన్నప్పుడే పోయింది."

అతను చెప్పాల్సింది చెప్పేశాడు. వినాల్సింది నేను. కానీ బెంచీ మీద వాళ్ళు చూస్తున్నారు.

"ఉత్తగ ఉన్న సెట్టు ఎట్లా పోతుంది మస్తాన్? కూర్చున్నవాడి కాలు విరుగుతుందా?"

అందరూ నవ్వారు. ఒకతను టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "ఏం భాయ్, ఉత్తగనే పోయిందా? మా ఇంట్ల బియ్యం గూడ గట్లనే ఉత్తగ పోతయి" అన్నాడు ఇంకొకతను.

మస్తాన్ నవ్వలేదు. "నేను చెప్పేది అబద్ధమంటున్నరా సార్?"

"ఓవర్‌లోడు చేశావంటున్నాను" అన్నాను. కోటేశ్వరరావు గారు లోపలి నుంచి విని, ఆపరేటర్ తప్పుకు మేం బాధ్యులం కాదన్నారు. ట్రాన్సిస్టర్లు మార్చి, ప్రీసెట్ మళ్ళీ నా అలవాటు కొద్దీ ఇంకొంచెం తిప్పి, సెట్టు ఇచ్చేశాను.

ఆ రోజు నుంచి భద్రాచలం రోడ్డు పొడుగునా అతనికి 'ఉత్తగ మస్తాన్' అని పేరు పడింది. అది బెంచీ మీద పుట్టిన పేరు. పుట్టించింది నేను. పేరుతో ఆగినా బాగుండేది. పెళ్ళింట్లో లైటు ఆర్పిన చెయ్యి మంచిది కాదన్నారు. ముత్తయ్య అల్లుడికి జ్వరం వచ్చినా, ఇంట్లో బర్రె పాలు తగ్గినా మస్తాన్ పేరే ఎత్తేవాళ్ళట. పెళ్ళిళ్ళకు అతన్ని పిలవడం మానేశారు. మైక్ సెట్టు వాడికి పెళ్ళిళ్ళు లేకపోతే ఇంకేమీ లేదు. ఇదంతా నాకు విడిగా ఎవరూ వచ్చి చెప్పలేదు. బెంచీ మీద జోకులుగా వింటూనే ఉన్నాను.

విసనకర్ర

మరుసటి వేసవిలో తల్లాడ దగ్గర కోటేశ్వరరావు గారి బంధువుల పెళ్ళి. మా కొత్త సెట్టు పెట్టారు. ఎలా పాడుతుందో చూడమని నన్ను కూడా కూర్చోబెట్టారు. ముహూర్తం అయిపోయింది. భోజనాల బంతులు సాగుతున్నాయి. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే పాటలు ఆపమన్నారు. సెట్టు మాత్రం వెలుగుతూనే ఉంది. నేను దాని పక్కన కుర్చీలో కునుకు తీస్తున్నాను.

వార్నిష్ కాలుతున్న వాసనకు మెలకువ వచ్చింది. వెనక చెయ్యి పెడితే హీట్ సింక్ వేళ్ళను కాల్చింది. స్విచ్చి మీద చెయ్యి వేశాను. ఆపరేటర్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపకున్రి సార్! లైటు ఆరితే నన్ను ఇక్కడనే పాతిపెడతరు."

మూత స్క్రూలు విప్పి, ప్రీసెట్ వెనక్కి తిప్పాను. అప్పటికే వేడి చాలా ఎక్కింది. వేరే దారి లేక, పక్కన ఎవరిదో విసనకర్ర తీసుకుని హీట్ సింక్‌కు విసరడం మొదలుపెట్టాను. పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు వచ్చి నిలబడి చూశారు.

"ఏందయ్యా, పెళ్ళికొడుకు చెమటలు గక్కుతుంటే నువ్వు డబ్బాకు విసురుతున్నవ్?"

"దీనికి ఒంట్లో బాగాలేదండీ" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోయారు.

విసురుతూ విసురుతూ బోర్డు మీదున్న డయోడ్‌ను వేలితో తాకాను. చల్లగా ఉంది. హీట్ సింక్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి, డయోడ్ మాత్రం చల్లగా. కాపలా ఉండాల్సినదాన్ని నేనే తీసుకెళ్ళి నీడలో కూర్చోబెట్టాను. పాట ఉంటే ఎవరో ఒకరు వాల్యూమ్ చూస్తారు, సెట్టును తడుముతారు. పాట లేనప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉత్తగ ఉన్నప్పుడే పోయింది అన్న మాట ఆ పందిట్లో పూర్తిగా అర్థమైంది.

నేనే ఆగాను

కోటేశ్వరరావు గారికి చెప్పాను.

"ఇప్పుడు బయటికి చెప్తే ఎట్టా భాస్కరూ? ఊళ్ళో ఉన్న సెట్లన్నీ తెచ్చి మన గుమ్మంలో పెడతారు. కొత్తవాటిని సరిచెయ్. పాతవి ఏదో ఒక రిపేరుకు వస్తాయిగా, అప్పుడు చూద్దాం."

ఆయన మాటను అడ్డం పెట్టుకోవడం నాకు సుఖంగా ఉంది. నిజానికి ఆయన నన్ను ఆపలేదు. చర్లకు పోవద్దని ఎవరూ అనలేదు. నేనే ఆగాను.

డయోడ్‌ను మళ్ళీ హీట్ సింక్ మీదికి తెచ్చాను. వైర్లు ఊడకుండా క్లిప్పు వేసి, బాగా వంగే వైరు వాడాను. మొదటే చేయాల్సిన పని అదే. పవర్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్లకు చిన్న రెసిస్టర్లు కలిపాను. ప్రీసెట్ గరగర పోయిన దగ్గరే ఆపాను. పాత సెట్లు స్విచ్చి పోయిందనో, నాబ్ విరిగిందనో వస్తే, అడగకుండానే ఈ మార్పులు చేసి పంపాను. "సార్ చెయ్యి పెడితే సెట్టు చల్లబడుతుంది" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

అలా ఒక్కొక్కటే అన్ని సెట్లూ వచ్చి బాగుపడ్డాయి. మస్తాన్‌ది రాలేదు. కిరాయిలు ఉంటే కదా రిపేరు వచ్చేది. నా తప్పు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయిన మనిషి దగ్గరే ఆ తప్పు అలాగే ఉండిపోయింది. అది గుర్తించిన తర్వాత కూడా ఒక వానాకాలం గడిపేశాను. కారణం సిగ్గు. దానికి వేరే పేరు పెట్టను.

చర్లలో

మళ్ళీ ఎండలు ముదిరాక చర్ల బస్సెక్కాను. మస్తాన్ బస్టాండు పక్కన సైకిల్ పంక్చర్లు వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నీళ్ళిచ్చాడు. అతని మర్యాద నాకు బరువుగా అనిపించింది.

చెప్పాను. డయోడ్ సంగతి, ప్రీసెట్ సంగతి, తల్లాడ పెళ్ళి సంగతి అన్నీ. అతను ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ విన్నాడు.

"ఇది నాకెందుకు చెప్తున్నరు సార్?" అన్నాడు చివరికి. "నేను రెండే హార్న్లు కట్టినని నాకు తెల్వదా? తెల్వనోళ్ళకు చెప్పున్రి."

"ముత్తయ్య దగ్గరికి పోదామా?"

"పోయి ఏం చెప్తరు? డయోడు అంటరు. వాళ్ళకు డయోడు తెలుస్తదా?"

"సెట్టు తీసుకురా. బ్యాటరీ కూడా. హార్న్లు వద్దు."

అతను నా ముఖంలోకి చూశాడు. నేనేం చేయబోతున్నానో అతనికి అర్థమైంది. "ఉత్తగ పెడితే ఈసారి పోకపోతే?"

"పోతుంది. అది నేను చేసిన సెట్టు" అన్నాను. ఈ మాట అంతవరకు గొప్పగా వాడేవాణ్ణి.

ముత్తయ్య వాకిట్లో

ముత్తయ్య ఊరు చర్లకు దగ్గరే. వాకిట్లో ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి. ముత్తయ్య తల్లి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. మస్తాన్‌ను చూడగానే ఆమె చేతులు ఆగాయి.

"మల్లొచ్చినవారా?"

"నేను రాలే అవ్వా, సార్ తోలుకొచ్చిండు."

ముత్తయ్య బయటికి వచ్చాడు. సెట్టు చేసింది నేనేననీ, ఆ రోజు లైటు ఎందుకు ఆరిందో చూపించడానికి వచ్చాననీ చెప్పాను. పెళ్ళి రోజు సెట్టు ఎక్కడ పెట్టారో చూపించమన్నాను. అతను గోడవార చూపించాడు. అప్పుడు పందిరి నీడ పడిన చోటే, అయినా పక్కనున్న రేకుల కప్పు వేడి అంతా అక్కడే కొడుతోంది. సెట్టు అక్కడ పెట్టి, బ్యాటరీకి కలిపి, ఆన్ చేశాను. ఎర్ర లైటు వెలిగింది. పాట లేదు, హార్న్ లేదు, మైకు లేదు. మస్తాన్‌ను దూరంగా అరుగు చివర కూర్చోమన్నాను.

"దీన్ని ఇక ఎవరూ తాకొద్దు" అన్నాను.

చుట్టుపక్కల వాళ్ళు పోగయ్యారు. చాలాసేపు ఏమీ కాలేదు. నాకు చెమటలు పట్టాయి. పోయినసారి మార్చిన ట్రాన్సిస్టర్లు గట్టివేమో అన్న అనుమానం మొదలైంది. సెట్టు పాడవ్వాలని మనసులో మొక్కుకున్నది నా జీవితంలో ఆ ఒక్కసారే.

"ఏంది సారూ, పాట లేని మైకు చూడనీకి మమ్మల్ని కూసోబెట్టినవ్?" అన్నాడు ఒకాయన.

"ఉండు, ఉత్తగ మస్తాన్ గద, ఉత్తగనే ఉంటది" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. మస్తాన్ తల వంచుకున్నాడు.

అప్పుడు వాసన వచ్చింది. మొదట అవ్వకే తెలిసింది. "ఏదో మాడుతుంది" అంటూ లేచింది. వెనక వైపు నుంచి సన్నటి పొగ. ముత్తయ్య ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. టప్ మని ఫ్యూజు కొట్టేసింది. లైటు ఆరింది.

నేను మూత తీసి, డయోడ్ ఎక్కడుందో, ఎక్కడ ఉండాలో చూపించాను. "ఆ రోజు కూడా ఇదే జరిగింది. మస్తాన్ చేసిందేమీ లేదు. తప్పు నాది. అది మస్తాన్ మీద వేసి, నలుగురిలో నవ్వించింది కూడా నేనే."

ముత్తయ్య సెట్టు వైపు, మస్తాన్ వైపు చూశాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలే సార్? మేం వీని అంగి చింపినం."

"అప్పుడు తెలియదు. తెలిసిన తర్వాత రావడానికి నాకు ధైర్యం చాలలేదు."

అవ్వ మాత్రం ఇంకా ఆలోచిస్తోంది. "డబ్బ తప్పు అయితె మరి మా బర్రెకు పాలు ఎందుకు తగ్గినయి?"

"బర్రె ముసల్దైంది అమ్మా!" అన్నాడు ముత్తయ్య. ఎక్కడివాళ్ళక్కడ నవ్వారు. మస్తాన్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. అవ్వ చింతపండు చేట పక్కకు జరిపి, "గట్ల చివరకు కూసున్నవేందిరా, ఇటు రా" అంది అతనితో.

బెంచీ దగ్గర

ఖమ్మం వచ్చాక ఒక పని మిగిలింది. అన్న మాట బెంచీ ముందు అన్నాను కాబట్టి, వెనక్కి తీసుకోవడం కూడా అక్కడే జరగాలి. ఆపరేటర్లు కూర్చున్నప్పుడు జరిగింది అంతా చెప్పాను. వాళ్ళు ఈసారి కూడా నవ్వారు, నన్ను చూసి. కొన్నాళ్ళు నన్ను 'ఉత్తగ సార్' అన్నారు. కోటేశ్వరరావు గారు రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన భయపడినట్టు సెట్లేమీ గుమ్మంలోకి వచ్చి పడలేదు, అప్పటికే అన్నీ బాగుపడి ఉన్నాయి కనుక. మస్తాన్ సెట్టు మళ్ళీ కొత్తగా కట్టి, డయోడ్‌ను దాని చోట బిగించి పంపాను.

తొంభైలు వచ్చేసరికి సర్క్యూట్ అంతా ఒకే చిప్పులో ఉండే ఐసీలు వచ్చాయి. వేడి కాపలా లోపలే ఉంటుంది. పవర్ ట్రాన్సిస్టర్లను చేత్తో కుదిర్చే పని తగ్గింది. అయినా మీలో ఎవరికైనా అలాంటి సెట్టు కట్టే అవసరం వస్తే, మూత వేసి, ఎండలో పెట్టి, సిగ్నల్ ఇవ్వకుండా పూటంతా వదిలేసి చూడండి. కొన్నవాళ్ళు దాన్ని ఎలా వాడుకుంటారో అడగండి. అది మీకు మూఢనమ్మకంగా అనిపించినా సరే, డిజైన్‌లో దాన్ని కూడా లెక్క వేసుకోండి. సెట్టు పోయిందని వచ్చిన మనిషి మొదట ఏం చెప్పాడో, మీ అనుమానం చెప్పకముందు, పూర్తిగా వినండి. ఇవన్నీ చేసినా తప్పు జరుగుతుంది. అప్పుడు ఆలస్యం చేయకండి. నా తప్పులో సగం డయోడ్‌ది, మిగతా సగం ఆలస్యానిది.

ముత్తయ్య రెండో కూతురి పెళ్ళికి నన్ను పిలిచాడు. వెళ్ళాను. దూరం నుంచే పాట వినిపించింది. సెట్టు దగ్గర మస్తాన్ కూర్చుని ఉన్నాడు, కొత్త అంగీ వేసుకుని. ఆ వేసవిలో అతనికి ఖాళీ లేదని ముత్తయ్య చెప్పాడు. నాకు సంతోషం కలిగింది. దగ్గరికి పోయి చూస్తే సెట్టు మాది కాదు. విజయవాడది.

"మాది ఏమైంది మస్తాన్?"

"అమ్మేసిన సార్. బాగనే పాడేది." వాల్యూమ్ కొంచెం తగ్గించాడు. "మీ మీద కోపం లేదు. అల్లా కసం. కానీ దాన్ని పెట్టుకుని కూసుంటే భయమైతుండె."

నేను తలూపాను. రెండు మూడేళ్ళు అతనికి పని లేకుండా చేసిన సెట్టు అది. ఎన్నిసార్లు బాగుచేసి ఇచ్చినా, ఆ భయం తీసేసే పరికరం నా దగ్గర లేదు. పాట అయిపోయింది. బంతికి పిలుస్తున్నారు. మధ్యాహ్నం ఎండ గోడ మీదికి ఎక్కుతోంది. నా చెయ్యి అలవాటుగా ఆ సెట్టు వెనక్కి పోయింది, వేడి చూద్దామని.

"ఒకసారి మూత తీసి చూడనా?" అన్నాను.

మస్తాన్ తన చేతిని మూత మీద పెట్టాడు. "వద్దు సార్. మీరు పోయి బువ్వ తినున్రి."

నేను పోయి బంతిలో కూర్చున్నాను.